సారమేయ నామకరణము

శిశువునకు పేరు పెట్టుట మన యిండ్లలో పండుగ. ఇరువదియొకటవ నాడు బారసాల చేసి, పళ్లెములోని బియ్యముపై పేరు వ్రాయించి, ముత్తైదువలు బిడ్డను ఊయలలోనుంచి పాడుదురు. ఆ పేరు తాతదో, ఇలవేల్పుదో అగును. పుట్టిన బిడ్డలు దక్కని యింట పెంటయ్య అనియో పెంటమ్మ అనియో హీనమైన పేరు పెట్టి మృత్యువు కన్ను మరల్చుట మన పెద్దలెరిగిన ఉపాయము. పేరనగా పిలుపు మాత్రమే కాదు. పిలుచువారి ఆశయు భయమును రెండును అందు దాగియుండును. మనుష్యుల విషయమున ఈ సంగతి మనమందరమును ఎరుగుదుము. ఒక పెద్ద కుక్కకు, అదియు ఫ్రెంచి భాషలో, పేరు వెదకవలసివచ్చినప్పుడు మాకు ఇది మరింత స్పష్టమయ్యెను. ఆ ముచ్చట ఈ నెల మీతో చెప్పదలచినాము.

మాది యానాము. కాకినాడకు సుమారు 30 కిలోమీటర్ల దూరమున గౌతమీతీరమందున్న చిన్న పట్టణము. పరాసువారు 1723లో ఇచ్చట మొదటిసారి వర్తకస్థానము నెలకొల్పిరి. వారి ఏలుబడి 1954లో ముగిసినది. 1962 ఆగస్టు 16న ఒడంబడిక అమలులోనికి వచ్చినప్పుడు, ఇచ్చటివారిలో కొందరు ఫ్రెంచి పౌరసత్వమునే ఎంచుకొనిరి. అట్టి కుటుంబములు కొన్ని నేటికిని మా వీధులలో కలవు. వారు తెలుగునే మాటాడుదురు, గోదావరి పులసకై ఎదురుచూతురు. కాని పిల్లలో మనుమలో ఫ్రాన్సులో నుందురు.

మా పొరుగింటి తాతగారు అట్టివారు. వారి తండ్రిగారు పరాసు సేనలో పనిచేసినవారు. తాతగారికి ఎనుబది యేండ్లు దాటినవి. ఒంటరిగా నుండవలదని కుమారుడు పారిస్ సమీపమున నున్న తన యింటికి రమ్మని పట్టుపట్టెను. ప్రయాణమునకు నెల దినములకు ముందు, ఎవరో స్నేహితులిచ్చిన గ్రేట్ డేన్ పిల్ల యొకటి వారి యింట ఉండెను. దానిని వెంట తీసికొనిపోవుట సాధ్యము కాలేదు. మా వారు బడిపంతులు. తాతగారికి ప్రతిసాయంకాలము వార్తాపత్రిక చదివి వినిపించువారు. ఆ చనవుచేత తాతగారు కుక్కపిల్లను మా చేతిలో పెట్టి, “అమ్మా, దీనికి నేనింకను పేరు పెట్టలేదు. పెంచువారు మీరు గనుక మీరే పెట్టుడు. ఆ పేరు పరాసు భాషలోనిదైన చాలును. ఫోనులో పిలిచినప్పుడు నా నోట ఆ పలుకు ఆడవలెను” అనిరి. ఈ చిన్న కోరికను కాదనుటకు మాకు నోరు రాలేదు.

గ్రేట్ డేన్ అనిన ఎట్టిదో చూడనివారికి చెప్పెదము. పూర్తిగా ఎదిగిన మగకుక్క భుజము దగ్గరనే 80 సెంటీమీటర్లకు తగ్గదు. వెనుకకాళ్లపై నిలిచినచో మనిషి తలను మించును. దీని పేరే ఒక వింత. ఈ జాతిని తీర్చిదిద్దినవారు జర్మనులు. పదునెనిమిదవ శతాబ్దమున ఫ్రెంచి ప్రకృతిశాస్త్రజ్ఞుడు బ్యుఫాఁ దీనిని గ్రాఁ దన్వా, అనగా పెద్ద డెన్మార్కు కుక్క, అనెను. ఆంగ్లేయులు ఆ మాటనే తమ భాషలోనికి మార్చుకొనిరి. ఫ్రెంచివారు మాత్రము నేడు దీనిని దోగ్ అల్మాఁ, అనగా జర్మను కుక్క, అందురు. పేరు పెట్టిన వారు మరచినను పేరు లోకమున నిలిచిపోవుటకు ఇది చక్కని ఉదాహరణము. కావున తొందరపడరాదని మేము నిశ్చయించుకొంటిమి.

ప్రయాణమునకు ముందు తాతగారు మాకు పరాసువారి ఆచార మొకటి చెప్పిరి. ఫ్రాన్సులో వంశావళి గల శునకముల పేర్లను పుస్తకమున నమోదు చేయుదురు. 1926 మొదలుకొని ఒక్కొక్క సంవత్సరమునకు ఒక్కొక్క అక్షరము నియమించిరి. ఆ యేట పుట్టిన పిల్లలన్నిటికి ఆ అక్షరముతోనే పేరు ప్రారంభము కావలెను. పేర్లు దొరకని ఆరు అక్షరములను విడిచి ఇరువదింటిని మాత్రము వాడుదురు. అందుచేత 2005లో వచ్చిన ‘ఎ’ మరల 2025లో వచ్చినది. పేరు వినినంతనే కుక్క వయస్సు చెప్పవచ్చునట! మన జన్మనక్షత్రపు పాదమునుబట్టి నామాక్షరము చూచుకొనుట మాకు జ్ఞప్తికి వచ్చెను. మా పిల్ల ఆ పుస్తకమునకు ఎక్కినది కాదు గనుక ఏ అక్షరమైనను తగునని తాతగారు సెలవిచ్చిరి.

ఇక ఇంట సభ తీరెను. మా పెద్దవాడు పదవ తరగతి చదువుచున్నాడు. వాడు నిఘంటువు ముందు పెట్టుకొని, “తొనేర్ అనగా ఉరుము. ద్యాబ్ల్ అనగా దయ్యము. ఇంత కుక్కకు ఇట్టి పేరే తగును. పేరు వినిననే దొంగ పారిపోవలెను” అనెను. దొంగ పరాసు భాష చదివియుండునా అని మా వారు నవ్విరి. మాకు మాత్రము నవ్వు రాలేదు. దానికి కారణము కలదు.

మా యింటికి నాలుగిండ్లవతల ఇడ్లీలు అమ్ముకొని బ్రదుకు ఇల్లాలు ఒకతె కలదు. ఆమె కుమారునకు ఏడేండ్లు. నిరుడు వీధికుక్క వాని పిక్కను పట్టి గాయపరచెను. సూదిమందు వరుసగా వేయించి గండము గడచినది గాని, భయము పోలేదు. బడికి పోవు దారి మా గుమ్మము ముందునుండియే. కుక్కపిల్ల మా యింటికి వచ్చిన మరునాడు ఆ తల్లి గిన్నె చేతబట్టుకొని గుమ్మము వెలుపలనే నిలిచి, “అమ్మగారూ, దాని పేరేమిటండీ? మా వాడు రాత్రి అంతయు అదే అడిగినాడు” అనెను. ఇంకను పెట్టలేదంటిమి. ఆమె కొంతసేపు ఊరకుండి, “కొంచెము మంచి పేరు పెట్టండమ్మా” అని వెడలిపోయెను. దయ్యమను పేరుగల కుక్క యింటిముందు ఆ బిడ్డ ఎట్లు నడచును?

ఫ్రాన్సులో 1999 జనవరి 6 నాటి శాసనము కొన్ని తరహాల కుక్కలను దాడికుక్కలనియు కావలికుక్కలనియు రెండు తరగతులు చేసి, వీధిలో వానికి మూతికి చిక్కము, మెడకు పలుపు ఉండితీరవలెననియు, పదునెనిమిదేండ్లు నిండనివారు వానిని ఉంచుకొనరాదనియు విధించినది. మా కుక్క జాతి ఆ తరగతులలో లేదు. శాసనము చూచునది ఆకారమును, జాతిని, పేరును కాదు. కాని వీధిలోనివారు మొదట వినునది పేరే. ఆ పేరునుబట్టియే రాయి తీయుదురో, చేయి చాపుదురో నిర్ణయించుకొందురు. రాళ్లు తినుచు పెరిగిన కుక్కకు మనుష్యులపై నమ్మకము చెడును. అప్పుడు పెట్టిన క్రూరనామము నిజమగును. ఆ నింద ఎవరిది?

ఆదిపర్వము చదివిన సోదరీమణులకు సరమ కథ తెలియును. జనమేజయుని యజ్ఞశాలకడ ఆడుకొనుచున్న దేవశుని కొడుకును రాజుగారి తమ్ములు నిష్కారణముగా కొట్టిరి. తల్లి సరమ సభకు వచ్చి, నేరమేమని అడిగి, బదులు లేకుండుట చూచి, తలవని తలంపుగా భయములు మిమ్ము చేరుగాక యని శపించి పోయెను. అంతటి భారతము ఒక కుక్కపిల్లకు జరిగిన అన్యాయముతో మొదలగుట మా తండ్రిగారు మాకు చిన్నతనమున చెప్పినప్పుడు వింతగా నుండెను. భయమును పుట్టించినవారికే భయము మరలివచ్చుట అందలి నీతి. తుదకు మహాప్రస్థానమున ధర్మరాజు వెంట స్వర్గద్వారముదాక నడచిన కుక్కకు వ్యాసులవారు పేరే పెట్టలేదు. ప్రేమకు పేరు అక్కరలేదు. వీధికి మాత్రము కావలెను.

అమరకోశమున కుక్కకు గల పర్యాయపదములను మేము ఆ రాత్రి మరల తలచుకొంటిమి. మృగదంశకము, అనగా మృగములను కరచునది. భషకము, అనగా మొరుగునది. కౌలేయకము, అనగా ఇంటికి చెందినది. కోఱ, గొంతు, గడప అను మూడింటినిబట్టి మూడు పేర్లు. పెద్దవాడు తెచ్చిన పేర్లన్నియు కోఱనుబట్టి వచ్చినవి. గొంతునుబట్టి గాని గడపనుబట్టి గాని పేరు వెదకుదమంటిమి.

మా అత్తయ్యగారి పుట్టినిల్లు బొబ్బిలి ప్రాంతము. చిన్నది ఆమె ఒడిలో కూర్చుండి, “మామ్మా, బుస్సీ అని పెడదామా? ఆయన పరాసువాడే కదా” అనెను. 1757 జనవరి 24న బొబ్బిలికోట కూలిన కథ ఆ యింట పసిపిల్లలు సహితము ఎరుగుదురు. పగవాని పేరు కుక్కకు పెట్టి పగ తీర్చుకొనవచ్చునని పెద్దవాడు ఉత్సహించెను. అత్తయ్యగారు తల యూపి, “వలదమ్మా. పగ తీర్చుకొనుటకు పేరు పెట్టినచో రోజుకు ఇరువదిసార్లు ఆ పేరు నేనే పలుకవలెను. అదిగాక ఈ కుక్క ఏమి తప్పు చేసినదని దానికి ఆ పేరు?” అనిరి. ఆ మాటకు ఎవరును బదులాడలేదు.

తరువాత చిన్న పేర్లను వెదకితిమి. కుక్కలకు శిక్షణ ఇచ్చువారు చెప్పు నియమములు సులభమైనవి. పేరు ఒకటి రెండు అక్షరములలో నుండవలెను. మనము తరచు వాడు ఆజ్ఞలను పోలియుండరాదు. ఫ్రెంచివారు వలదనుటకు ‘నోఁ’ అందురు గనుక లెయోఁ అను పేరు అచ్చట చిక్కు తెచ్చునట. మనకు చిక్కులు వేరు. బో అనగా వారి భాషలో అందగాడు. వేగముగా పిలిచినచో అది ‘పో’ అని వినబడును. రమ్మని పిలుచుచు పొమ్మనుట ఏమి న్యాయము? ర్వా అనగా రాజు; అది ‘రా’ అనుమాటకు తోబుట్టువు. తితాఁ అనగా మహాకాయుడు. చిన్నది దానిని ‘తింటా’ అని విని పొట్ట పట్టుకొని నవ్వెను. నిజమునకు ఆ పేరే దానికి సరిపోయెడిది.

మా వారు గ్రంథములనుండి రెండు పేర్లు చెప్పిరి. అలెగ్జాండర్ డ్యూమా 1844లో ప్రకటించిన ముగ్గురు మస్కెటీర్ల నవలలోని పోర్తోస్ మొదటిది. మహాబలుడు, భోజనప్రియుడు, కల్ల కపటము లేనివాడు. తదుపరి గ్రంథమున మిత్రుని వెంట నిలిచి, గుహలోని బండలను భుజములపై మోసి మోసి వాని క్రిందనే ప్రాణము విడుచును. మన భీమసేనుని తమ్ముడనవచ్చును. మాకు మిక్కిలి నచ్చెను. కాని అత్తయ్యగారి నోట అది ‘పోరా’ యయ్యెను. రెండవది బయార్. అతడు 1524లో యుద్ధమున మడిసిన నిజమైన వీరుడు. భయము లేనివాడు, మచ్చ లేనివాడు అని వారి దేశమున బిరుదు. ఇదియేమి చిత్రమో గాని, నిర్భయుని పేరు మన చెవికి ‘భయము’ అనియే తోచును. ఇడ్లీల ఇల్లాలి కొడుకు మా కన్నులయెదుట నిలిచెను. ఆ పేరును విడిచితిమి.

ఇట్లు వారము గడచెను. ఒకనాడు మధ్యాహ్నము వంటయింట మేము పచ్చడి నూరుచుండగా కుక్కపిల్ల వచ్చి రోలు ప్రక్కన చదికిలబడెను. నెల తిరుగకముందే అది రోలంత యయ్యెను. అత్తయ్యగారు, “ఇది ఇంకొక రోలు. కదలదు, మెదలదు” అనిరి. అది విని మా వారు సావడిలోనుండి, “రోలాఁ! పరాసువారి మొదటి వీరగాథకు నాయకుని పేరు అదియే గదా” అనుచు లోనికి వచ్చిరి.

వారు చెప్పిన కథను క్లుప్తముగా చెప్పెదము. క్రీ.శ. 778లో షార్లెమాన్ చక్రవర్తి స్పెయిను దేశమునుండి మరలివచ్చుచుండగా, పిరెనీ పర్వతములలోని కనుమయందు కొండజాతులవారు సేన వెనుకభాగముపై పడిరి. ఆ భాగమును కాచుచుండిన రోలాఁ అచ్చటనే మడిసెను. చరిత్రలో ఇంతియే. మూడువందల యేండ్ల తరువాత గాయకులు దీనిని నాలుగువేల పంక్తుల కావ్యముగా పెంచిరి. అందు రోలాఁకు చక్రవర్తి మేనమామ. ఆపద వచ్చినంతనే కొమ్ము ఊది చక్రవర్తిని పిలువుమని మిత్రుడు ఒలివియే వేడుకొనును. పౌరుషముచేత రోలాఁ ఊదడు. తుదకు ఊదునప్పటికి ఆలస్యమగును. తన్ను నమ్మిన సేన యంతయు కూలిన తరువాత చక్రవర్తి వచ్చి ఏడ్చును.

మాకు ఈ కథలో అభిమన్యుని శౌర్యము కొంత, సమయమెరుగని పట్టుదల కొంత కనబడెను. అంతకన్న ముఖ్యముగా, కావలి కాచువానికి మొదటి ధర్మము పోరాడుట కాదు, వేళకు గొంతెత్తుట. అమరకోశపు ‘భషకము’ ఇదియే. కరచు కుక్క మనకు వలదు. వేళకు మొరిగి మనలను లేపు కుక్క కావలెను. ఊదని కొమ్ము కథ నిత్యము జ్ఞప్తియందుంచు పేరు కావలికుక్కకు తగినదేయని మాకు తోచెను. రోలు అనినచో గడపకు, వంటయింటికి చెందినది. కౌలేయకమునకు ఇంతకన్న ఇంటిపేరు ఏది?

పలుకుబడి విషయమునను ఈ పేరు మన నోటికి పొసగెను. ఫ్రెంచివారు ఆ పేరు చివర హల్లు వ్రాయుదురు గాని పలుకరు. అచ్చుపై ముక్కుధ్వని మాత్రము తేల్చి విడుతురు. బాలవ్యాకరణము చదివినవారు దానిని అరసున్నగా గుర్తింపగలరు. మనది అజంతభాష. పదము అచ్చుతో ముగిసిననే మనకు హాయి. “రోలా!” యని కేకవేసినచో అది మన సంబోధనమే యగును. తాతగారి నోట పరాసు పేరు, అత్తయ్యగారి నోట తెలుగు పేరు. కుక్కకు మాత్రము ఒక్కటే పేరు. పెద్దవాడు కొంత అలిగెను గాని, వీరుని కథ విని ఒప్పుకొనెను.

పేరు స్థిరపడిన తరువాత ఇంటివారందరికిని ఒక కట్టడి చేసితిమి. కోపముతో ఆ పేరు పలుకరాదు. పేరు వినినప్పుడెల్ల అన్నమో, నిమురుటయో, నడకయో దొరకవలెను. తిట్టుటకును కట్టుటకును పేరు వాడినచో, పేరు వినిననే కుక్క తొలగిపోవుట నేర్చును. చిన్నకుక్క తొలగిపోయినచో ఎత్తుకొని రావచ్చును. మనకన్న బరువైన కుక్కను ఎవరు ఎత్తగలరు? పగటివేళ మా వారు బడియందు, పిల్లలు తరగతులలో నుందురు. ఇంట నుండువారము మేమును అత్తయ్యగారును. గొలుసు తెగిన నాడు దానిని ఆపగలది మా చేతిబలము కాదు, మా పిలుపు. అందుచేతనే పెద్దకుక్కకు పేరు పెట్టు హక్కు, దినమంతయు దానితో మెలగు ఇల్లాలిదని మా అభిప్రాయము. దుకాణమున పట్టెడ ఎంచువారు ఎవరైనను కావచ్చును.

భోజన విషయమున కూడ ఒక మాట. ఇట్టి జాతికి భీమునివలె ఒక్కపూట కుంభము పెట్టరాదు. కడుపుబ్బి మెలిపడు ప్రమాదము వీనికి హెచ్చు. రెండు మూడు వేళలుగా పంచి, తినిన వెంటనే పరుగెత్తనీయక కాపాడవలెను. ప్రతివేళను పేరు పెట్టి పిలిచిననే గిన్నె దించుదుము. మూడవ నాటికే అది తన పేరు నేర్చెను.

మొన్న ఇడ్లీల ఇల్లాలు వచ్చినప్పుడు పేరు చెప్పితిమి. తల్లి కొంగు వెనుక దాగియున్న బిడ్డ, “రోలా? మా యింటనున్న పిండి రోలా?” అని నవ్వెను. అప్పుడే దగ్గరకు వచ్చి నిమిరెనని చెప్పము. ఇప్పటికిని వాడు వీధికి ఆవలిప్రక్కగనే నడచును. కాని మా గుమ్మమునకు ఎదురుగా వచ్చినప్పుడు ఒక్కనిమిషము నిలిచి, “ఓ రోలూ!” అని పిలిచి, అది తోక యాడించుట చూచి పోవును. మున్ను పరుగెత్తువాడు. మేమును వాడు పోవు వేళకు కుక్కను గొలుసుతోనే ఉంచుదుము. పేరు మంచిదైనంత మాత్రమున మన జాగ్రత్త తగ్గరాదు.

తాతగారు ప్రతి ఆదివారము ఫోను చేయుదురు. కుక్క చెవియొద్ద ఉంచుమందురు. అరసున్న తేల్చి “రోలాఁ” అని వారు పిలుచుటతోనే అది రెండు చెవులను నిక్కించి ఇంటి నలుమూలల వెదకును. తాతగారు ఒకసారి, “ఇచ్చట అందరును మెల్లగా మాటాడుదురమ్మా. కేకవేసి పిలుచుటకు నాకు ఎవరును లేరు” అనిరి. ఆ గొంతు వినిన నాడు, ఈ పేరు ఎంచుటకు వారము పట్టినందుకు మాకు విచారము కలుగలేదు.

ఈ జాతి ఎనిమిది, పదియేండ్లకు మించి బ్రదుకుట అరుదు. ఆ కొలది కాలములోనే వేలసార్లు ఆ పేరు మన నోట మ్రోగును. సోదరీమణులారా, మీ యింటికి పెద్ద కుక్క వచ్చినచో, ఏ భాషలోని పేరైనను పెట్టుకొనుడు. కాని నిశ్చయించుటకు ముందు దానిని మూడుసార్లు వీధివాకిట నిలిచి గట్టిగా పిలిచి చూడుడు. ఇంటి ముసలివారి నోరు తిరుగవలెను; పొరుగు బిడ్డ గుండె అదరకూడదు.